పసిబిడ్డలో పుట్టుకతో వచ్చే ఇమ్యూనిటీ లోపాన్ని మొదటి నెలలోనే కనిపెట్టడం ఎలా

మూడు కిలోల బిడ్డ. గట్టిగా ఏడ్చింది, గంటలోపే ముర్రుపాలు తాగింది, మూడో రోజు ఇంటికి వెళ్లింది. ఇలాంటి బిడ్డకు జబ్బు ఉందని ఎవరూ అనుకోరు.

వరంగల్, హనుమకొండల్లో పిల్లల వార్డుల్లో స్టాఫ్ నర్సుగా 20 ఏళ్లకు పైగా పనిచేశాను. చాలా ఏళ్ల కిందట భూపాలపల్లి వైపు నుంచి ఒక తల్లి నాలుగు నెలల బాబును తీసుకొచ్చింది. న్యుమోనియా, నోటినిండా తెల్లపూత. టీబీ రాకుండా వేసే బీసీజీ సూది చోట పుండు మానలేదు, చంకలో గడ్డ కట్టింది. అది ఆమెకు మూడో కాన్పు. రెండో రోజు రాత్రి, సెలైన్ మారుస్తున్నప్పుడు మాటల మధ్యలో చెప్పింది, మొదటి ఇద్దరు కొడుకులూ ఇలాగే ఐదో నెలలో పోయారని. తొమ్మిది నెలలు చెకప్‌లకు తిరిగినా ఆ మాట ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బాబు ఫైలులో మూడు సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే మామూలు రక్తపరీక్ష) రిపోర్టులు ఉన్నాయి. మూడింటిలోనూ జబ్బు ఆనవాలు ఉంది. కానీ ఒక్కదాని మీద కూడా తేడా ఉందన్న గుర్తు లేదు. ఆ బాబు మాకు దక్కలేదు.

ఆ రిపోర్టుల్లో ఏముందో, దాన్ని మీరే ఎలా చూసుకోవచ్చో కింద చెబుతాను. ముందు జబ్బు సంగతి.

పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు వందల రకాలు. వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది సివియర్ కంబైన్డ్ ఇమ్యునోడెఫిషియెన్సీ. డాక్టర్లు పొట్టిగా స్కిడ్ అంటారు. ఈ పిల్లల్లో టీ కణాలు అనే తెల్ల రక్తకణాలు తయారు కావు, లేదా పనిచేయవు. ఒంట్లోకి వచ్చిన క్రిమిని గుర్తుపట్టి మిగతా కణాలను నడిపించేవి అవే. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు మొదటి కొన్ని నెలలు బిడ్డకు కాస్త అండగా ఉంటాయి. అవి తగ్గుతున్న కొద్దీ ఒకదాని వెంట ఒకటి ఇన్ఫెక్షన్లు వస్తాయి. చికిత్స అందకపోతే చాలామంది పిల్లలు మొదటి పుట్టినరోజు చూడరు. 1971లో అమెరికాలోని టెక్సాస్‌లో పుట్టిన డేవిడ్ వెట్టర్ అనే బాబు ఈ జబ్బు వల్లే పన్నెండేళ్లు ప్లాస్టిక్ గదిలో బతికి 1984లో చనిపోయాడు. ఇప్పుడు అలా గదిలో పెట్టాల్సిన పని లేదు. మూలకణాల మార్పిడితో, అంటే రక్తకణాలను తయారుచేసే మూలకణాలను దాత నుంచి తీసి బిడ్డకు ఎక్కిస్తే, జబ్బు నయమవుతుంది. అయితే ఇన్ఫెక్షన్ పట్టకముందే చేయాలి. 2000 నుంచి 2009 మధ్య అమెరికాలో మార్పిడి చేసిన పిల్లలను పరిశీలిస్తే, మూడున్నర నెలలలోపు చేసిన వాళ్లలో నూటికి 94 మంది ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉన్నారు.

అంటే మన చేతిలో ఉన్న సమయం మూడున్నర నెలలు. బిడ్డ పైకి బాగా కనిపించే రోజులు కూడా అవే.

మొదటి పని: కడుపుతో ఉన్నప్పుడే, ఏడో నెల నిండకముందే ఇంటి పెద్దలను అడగండి

దీనికి పైసా ఖర్చు లేదు. నా లెక్కలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. శ్రీమంతానికి ఇంటినిండా చుట్టాలు వస్తారు కదా, ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అమ్మమ్మను, నాయనమ్మను, మేనత్తలను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

మన ఇంట్లో పుట్టి ఏడాదిలోపు పోయిన పిల్లలు ఉన్నారా? ఎన్నో నెలలో పోయారు? దమ్ముతోనా, విరేచనాలతోనా, జ్వరంతోనా? పోయింది మగపిల్లలేనా? అమ్మమ్మకు పుట్టి చిన్నప్పుడే పోయిన మేనమామలు ఉన్నారా? పెద్దమ్మ, చిన్నమ్మ కొడుకుల్లో ఎవరైనా అలా పోయారా?

మగపిల్లల గురించి, అదీ తల్లి వైపు, ఇంతగా ఎందుకు అడగాలంటే, స్కిడ్‌లో ఒక ముఖ్యమైన రకం తల్లి ద్వారా కొడుకులకు వస్తుంది. తల్లి ఆరోగ్యంగానే ఉంటుంది, ఆమె కొడుకుల్లో ఒక్కొక్కరికి జబ్బు వచ్చే అవకాశం సగం. ఇంకో రకంలో తల్లి, తండ్రి ఇద్దరి దగ్గరా ఒకే లోపం దాగి ఉంటుంది. అప్పుడు ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు. మేనరికం సంబంధాల్లో ఈ రెండో రకం ఎక్కువ. మీది మేనరికమైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు, ఎవరినీ నిందించాల్సిందీ లేదు. చెబితే బిడ్డకు మేలు, అంతే.

పెద్దవాళ్లు ఈ మాటలు ఎత్తడానికి ఇష్టపడరు. పోయిన పిల్లల పేరెత్తితే కడుపుతో ఉన్న కోడలికి మంచిది కాదంటారు. బాలగ్రహం అనో, దిష్టి అనో, వాళ్ల ఆయుష్షు అంతే అనో తేల్చేస్తారు. వాళ్లది భయం, కోపగించుకోవద్దు. "ఈ బిడ్డ కోసం అడుగుతున్నా అమ్మమ్మా, డాక్టరుకు చెప్పాలి" అనండి. చెబుతారు.

వాళ్లు చెప్పిందంతా ఒక కాగితం మీద రాయండి: ఎవరి బిడ్డ, ఆడా మగా, ఎన్నో నెల, ఏ జబ్బు, ఏ దవాఖాన. పాత మందుల చీటీలు, రిపోర్టులు బీరువాలో ఎక్కడైనా ఉంటే తీసి పెట్టండి.

ఇంట్లో అలాంటి చావు ఏదీ లేదని తేలితే మంచిదే. కానీ దాంతో పూర్తిగా నిశ్చింతగా ఉండకండి. స్కిడ్‌తో పుట్టే పిల్లల్లో చాలామంది తమ కుటుంబంలో మొట్టమొదటి వాళ్లే. కింద చెప్పే మూడు, నాలుగు, ఐదు పనులు అందరికీ వర్తిస్తాయి.

రెండో పని: కుటుంబంలో చరిత్ర ఉంటే కాన్పుకు ముందే దవాఖానలో రాయించండి

తల్లీబిడ్డల కార్డు మీద పైనే, ఎవరికైనా కనిపించేలా రాయించండి: "ముందు పిల్లలు ఏడాదిలోపు చనిపోయారు, ఇమ్యూనిటీ లోపం ఉందేమో చూడాలి." వరంగల్ సీకేఎం ప్రసూతి దవాఖానలో అయినా, హనుమకొండ ప్రసూతి దవాఖాన జీఎంహెచ్‌లో అయినా, ములుగులో అయినా, ప్రైవేటులో అయినా డ్యూటీలు మారుతూనే ఉంటాయి. పొద్దున మీరు చెప్పిన మాట రాత్రి కాన్పు చేసే వాళ్లకు తెలియకపోవచ్చు. కార్డు మీద రాసి ఉంటే అది వాళ్ల కంట పడుతుంది.

గైనకాలజిస్టుతో పాటు పిల్లల డాక్టరును కూడా ముందే కలవండి. ఆయనతో రెండు సంగతులు మాట్లాడాలి.

మొదటిది, టీకాలు. మన దగ్గర బిడ్డ పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేస్తారు. బీసీజీలో, పోలియో చుక్కల్లో ఉండేవి బలహీనపరచిన బతికున్న క్రిములు. మామూలు బిడ్డకు అవి రక్షణ. టీ కణాలు లేని బిడ్డలో మాత్రం ఆ బీసీజీ క్రిమే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. కుటుంబంలో చరిత్ర ఉంటే, పరీక్షల ఫలితం వచ్చే దాకా ఈ రెండూ ఆపాలా అని డాక్టరును అడిగి, ఆయన నిర్ణయం కార్డు మీద రాయించండి. బీసీజీని మన జాతీయ పట్టిక ప్రకారం ఏడాది నిండేలోపు ఎప్పుడైనా వేయవచ్చు కాబట్టి కొన్ని వారాలు ఆగితే నష్టం లేదు. హెపటైటిస్ బి టీకాలో బతికున్న క్రిమి ఉండదు, దాన్ని ఆపక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కుటుంబంలో ఏ చరిత్రా లేని వాళ్లు ఇది చదివి బీసీజీ మానేయకండి. మన ఊళ్లలో టీబీ ఇంకా ఉంది. స్కిడ్ ఎన్నో వేల మందిలో ఒకరికి వచ్చేది. అనుమానానికి కారణం లేని బిడ్డకు టీకా ఆపడం ఆ బిడ్డకు అన్యాయం చేయడమే.

రెండోది, పుట్టిన రోజే చేయగలిగే పరీక్ష. బొడ్డుతాడు నుంచి గానీ బిడ్డ నుంచి గానీ కొంచెం రక్తం తీసి సీబీపీ, టీ కణాల లెక్క చూడవచ్చు. చరిత్ర ఉన్న ఇంట్లో ఇది చేయిస్తే కింద చెప్పే మడమ పరీక్ష కోసం కూడా ఎదురుచూడక్కర్లేదు.

మూడో పని: మడమ రక్తంతో చేసే పరీక్షను పేరుపెట్టి అడగండి

చాలామంది పొరపడేది ఇక్కడే. "మా పాపకు న్యూబోర్న్ స్క్రీనింగ్ చేయించాం, అన్నీ నార్మల్" అంటారు. కాగితం తీసి చూస్తే థైరాయిడ్, జీ6పీడీ, అడ్రినల్ గ్రంథి, ఇంకొన్ని మెటబాలిక్ జబ్బులు ఉంటాయి. యాభై జబ్బుల ప్యాకేజీ అని చెప్పినదాంట్లోనూ ఇమ్యూనిటీ పరీక్ష ఉండకపోవచ్చు. ఎందుకంటే ఆ జబ్బులను పట్టే యంత్రం వేరు, దీన్ని పట్టే పద్ధతి వేరు.

మీరు అడగాల్సిన పేరు "ట్రెక్". అది ఏమిటంటే, ఛాతీలో గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో టీ కణం తయారయ్యేటప్పుడు దాని డీఎన్‌ఏలో కొన్ని ముక్కలు కత్తిరించి, మిగతాదాన్ని అతికిస్తుంది. కత్తిరించిన ముక్క చిన్న ఉంగరంలా చుట్టుకుని కణంలోనే మిగిలిపోతుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గం చూసినవాళ్లకు తెలుసు, కింద తెగిన నూలు ముక్కలు రాలి ఉంటే పైన నేత సాగుతోందని అర్థం. ముక్కలే లేకపోతే మగ్గం ఆడలేదు. ట్రెక్ పరీక్ష ఆ ముక్కలను లెక్కపెడుతుంది. అవి లేవంటే థైమస్‌లో టీ కణాలు తయారు కావడం లేదని అనుమానించాలి.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం పుట్టే ప్రతి బిడ్డకూ ఈ పరీక్షను 2008లో మొదలుపెట్టింది. 2018 చివరికి అక్కడి అన్ని రాష్ట్రాల్లోనూ వచ్చింది. 2014లో వెలువడిన లెక్కలో 30 లక్షలకు పైగా పిల్లలను పరీక్షిస్తే 52 మందికి స్కిడ్ ఉన్నట్లు తేలింది, అంటే సుమారు 58,000 మందికి ఒకరు. మన దేశంలో అందరు పిల్లలకూ ప్రభుత్వమే ఈ పరీక్ష చేసే ఏర్పాటు లేదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతానికి ఇది ఎంత అవసరమో వార్డులో పనిచేసిన ఎవరినైనా అడగండి. ఆ ఏర్పాటు వచ్చేదాకా మనమే అడిగి చేయించుకోవాలి. మీ దవాఖాన రక్తం పంపే ల్యాబ్‌ను సూటిగా అడగండి: "మీ ప్యానెల్‌లో స్కిడ్ కోసం ట్రెక్ ఉందా, లేదా?" ఉంది అంటే రిపోర్టులో ఆ పేరు వస్తుందా అని కూడా అడగండి.

రక్తం తీసేటప్పుడు మీరు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. పుట్టి 24 గంటలు దాటాక, 72 గంటలలోపు తీస్తే ఒకే కార్డు మీద మిగతా జబ్బుల పరీక్షలూ సరిగ్గా వస్తాయి. సాధారణ కాన్పు అయినవాళ్లు తొందరగా డిశ్చార్జి అవుతారు కాబట్టి ఇంటికి బయలుదేరే ముందే గుర్తు చేయండి. మడమను ముందు గోరువెచ్చని గుడ్డతో కాసేపు వేడి చేస్తే రక్తం తేలిగ్గా వస్తుంది. గుచ్చేది మడమ పక్క భాగంలో, మధ్యలో కాదు. మొదటి చుక్క తుడిచేయాలి. తర్వాతి పెద్ద చుక్కను ఫిల్టర్ పేపర్ కార్డు మీది గుండ్రని గడికి తాకించాలి. గడి రెండో వైపు దాకా తడవాలి. ఒకే గడిలో చుక్క మీద చుక్క వేయకూడదు, గడిని వేలితో ముట్టకూడదు. బిడ్డను ఆ సమయంలో తల్లి రొమ్ముకు పట్టిస్తే నొప్పి తక్కువగా తెలుస్తుంది. ఏడిస్తే టెన్షన్ పడకండి, నిమిషంలో సర్దుకుంటుంది.

కార్డును అడ్డంగా పరచి, నీడలో మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో కిటికీ దగ్గర పెట్టినా, బండి డిక్కీలో వదిలేసినా ఆ కార్డు పాడవుతుంది. ఫ్యాన్ గాలి, హెయిర్ డ్రయ్యర్ వద్దు. ఆరిన కార్డు మర్నాడే ల్యాబ్‌కు బయలుదేరాలి.

బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తే, ఎక్కించకముందే కార్డు తీయమని అడగండి.

రిపోర్టులో ట్రెక్ తక్కువ అని వస్తే అది జబ్బు ఉందన్న తీర్పు కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో తక్కువగా రావడం మామూలే, వాళ్లకు కొన్ని రోజుల తర్వాత మళ్లీ తీస్తారు. డౌన్ సిండ్రోమ్‌లోనూ, గుండె లోపంతో పాటు థైమస్ సరిగ్గా ఎదగని డైజార్జ్ సిండ్రోమ్‌లోనూ తగ్గుతుంది. ఒక్కోసారి కార్డు మీద రక్తం చాలకపోయినా సరైన ఫలితం రాదు. కానీ "అసలు లేవు" అని వస్తే ఆ రోజే పిల్లల డాక్టరుకు ఫోన్ చేయండి, వచ్చే వారం అనుకోవద్దు.

ట్రెక్ అన్ని లోపాలనూ పట్టదు. తెల్లకణాలు క్రిమిని చంపలేని క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్, మగపిల్లల్లో ఆరో నెల తర్వాత బయటపడే యాంటీబాడీల లోపం, ఇలాంటివి దీనికి దొరకవు. వాటిని లక్షణాలను బట్టే గుర్తుపట్టాలి.

నాలుగో పని: సీబీపీ రిపోర్టును బిడ్డ వయసుతో చదవండి

ట్రెక్ చేయించే వీలు లేకపోతే? పరకాలలో, నర్సంపేటలో, మహబూబాబాద్‌లో ఎక్కడైనా దొరికేది సీబీపీ. ఖర్చు కూడా తక్కువ. చరిత్ర ఉన్న ఇంట్లో బిడ్డకు మొదటి వారంలోనే చేయించాలి. మామూలు బిడ్డకు జ్వరం కోసమో, పసిరికల కోసమో ఎలాగూ ఏదో ఒక రోజు చేస్తారు. ఆ కాగితం పారేయకండి.

అందులో రెండు అంకెలు చూడండి. ఒకటి మొత్తం తెల్లకణాల సంఖ్య, రెండోది లింఫోసైట్ల (టీ కణాలు, బీ కణాలు ఉండే తెల్లకణాల రకం) శాతం. రెంటినీ గుణించి వందతో భాగిస్తే లింఫోసైట్ల అసలు సంఖ్య వస్తుంది. ఉదాహరణకు తెల్లకణాలు 6,000, లింఫోసైట్లు 20 శాతం. 6,000ను 20తో గుణించి 100తో భాగిస్తే 1,200.

ఇప్పుడు ఆ భూపాలపల్లి బాబు ఫైలు సంగతి. అతని రిపోర్టులు దాదాపు ఇలాగే ఉన్నాయి. పక్కన అచ్చయిన నార్మల్ అంకెలు పెద్దవాళ్లవి: లింఫోసైట్లు 20 నుంచి 40 శాతం. బాబుది 20. అందుకే మిషన్ ఏ గుర్తూ వేయలేదు, మేమూ ఆగి చూడలేదు. పెద్దవాళ్లకు 1,200 మామూలు సంఖ్యే. నెలల బిడ్డకు మాత్రం అది చాలా తక్కువ. మొదటి కొన్ని వారాలు దాటాక ఆరోగ్యమైన పసిబిడ్డ తెల్లకణాల్లో సగానికి పైగా లింఫోసైట్లే ఉంటాయి, సంఖ్య వేలల్లో ఉంటుంది. మొదటి నెలల్లో అది సుమారు 3,000 కన్నా తగ్గితే పిల్లల డాక్టరుకు చూపించి, మళ్లీ సీబీపీ చేయించాలి. 2,500 కన్నా తక్కువైతే ఇంకా తొందరపడాలి. తీవ్రమైన ఇన్ఫెక్షన్ వల్ల కూడా కొన్నాళ్లు తగ్గవచ్చు, అందుకే రెండోసారి చూడటం. రెండోసారీ తక్కువగా వస్తే "ఇన్ఫెక్షన్ వల్లలే" అన్న మాటతో సరిపెట్టుకోకండి.

పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో మాత్రం వేరే రకం తెల్లకణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి శాతం తక్కువగా కనిపిస్తుంది. అందుకే శాతం చూసి భయపడకుండా గుణించి వచ్చిన సంఖ్యే చూడాలి.

ఈ సంఖ్య బాగున్నంత మాత్రాన జబ్బు లేదని తేలిపోదు. కొన్ని రకాల స్కిడ్‌లో బీ కణాలు నిండుగా ఉండి మొత్తం సంఖ్యను పెంచుతాయి. ఒక్కోసారి తల్లి నుంచి వచ్చిన టీ కణాలే బిడ్డలో కనిపిస్తాయి. చరిత్ర ఉన్న ఇంట్లో సీబీపీ బాగున్నా టీ కణాల లెక్క చేయించాల్సిందే.

ఐదో పని: మొదటి మూడు నెలలు కళ్లు తెరిచి చూడండి

ఆశ వర్కర్ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూస్తుంది. ప్రతిసారీ బరువు తూచమనండి, కార్డులో రాయమనండి. బరువు పెరగకపోవడం చాలాసార్లు మొదటి హెచ్చరిక.

నోటిలో తెల్లపూత మందు వేసినా తగ్గకుండా, తగ్గినా మళ్లీ మళ్లీ వస్తుంటే. విరేచనాలు వారాల తరబడి ఆగకపోతే. ఒక న్యుమోనియా తగ్గకముందే ఇంకోటి వస్తే. మామూలు యాంటీబయాటిక్‌తో మూడు రోజుల్లో తగ్గాల్సింది సూదులు, సెలైన్లు పెట్టినా తగ్గకపోతే. ఒంటి మీద పొట్టు రాలే ఎర్ర దద్దుర్లు, చీముగడ్డలు వస్తుంటే. ఇవన్నీ "పసిపిల్లలకు మామూలే" అని వదిలేసేవి కావు.

బొడ్డు సంగతి వేరుగా చెప్పాలి. మామూలుగా ఒకటి రెండు వారాల్లో బొడ్డు ఊడిపోతుంది. నెల దాటినా ఊడకపోతే, లేదా చుట్టూ ఎర్రబడి కంపు కొడితే, తెల్లకణాలు అవసరమైన చోటికి చేరలేని ఒక లోపం ఉందేమో చూడాలి. ఆ బిడ్డలో తెల్లకణాల సంఖ్య మామూలు కన్నా బాగా ఎక్కువగా ఉంటుంది.

బీసీజీ వేసిన చోట మూడు, నాలుగు వారాలకు చిన్న పొక్కు వచ్చి, కాస్త చీము పట్టి, తర్వాత మచ్చ పడుతుంది. అది మంచి గుర్తు, దాని మీద ఏ పసరూ పూయకండి. మూడు నెలలైనా పుండు మానకపోతే, పెద్దదవుతుంటే, ఎడమ చంకలో గడ్డ కట్టి చీము కారుతుంటే మాత్రం డాక్టరు చూడాలి.

ఆరో పని: అనుమానం వచ్చిన రోజు నుంచే జాగ్రత్తలు మొదలుపెట్టండి

పరీక్షల ఫలితం వచ్చేదాకా ఆగే సమయం మీకు లేదు. బిడ్డను ఒక గదిలో ఉంచండి. తల్లి, ఇంకొకరు మాత్రమే ఎత్తుకోవాలి, అదీ సబ్బుతో చేతులు కడుక్కున్నాక. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు గడప దాటి రాకూడదు. ముద్దులు వద్దు. ఇరవై ఒకటో రోజు తొట్టెలను ఇంటివాళ్ల మధ్యే చేసుకోండి, పిలుపులు తర్వాత చూసుకోవచ్చు. మేడారం మొక్కు ఉంటే సమ్మక్క సారలమ్మలకు మనసులో చెప్పుకుని వాయిదా వేయండి. బిడ్డ బాగుపడ్డాక ఎత్తు బంగారం తూచి ఇవ్వవచ్చు, జాతర రెండేళ్లకోసారి వస్తూనే ఉంటుంది.

బిడ్డకు పోలియో చుక్కలు, రోటా చుక్కలు వేయించవద్దు. ఇంట్లో ఐదేళ్లలోపు అన్నలు, అక్కలు ఉంటే వాళ్లకూ పోలియో చుక్కలు వేయకూడదు, ఎందుకంటే ఆ క్రిమి వాళ్ల మలం ద్వారా బిడ్డకు చేరుతుంది. పల్స్ పోలియో ఆదివారం ఆశ వర్కర్ ఇంటికి వచ్చినప్పుడు డాక్టరు రాసిన కాగితం చూపించండి. ఆమె తన పని తాను చేస్తుంది కాబట్టి వాదన పెట్టుకోకుండా విషయం చెప్పండి. పెద్ద పిల్లలకు సూది రూపంలో ఉండే పోలియో టీకా గురించి డాక్టరును అడగవచ్చు.

రక్తం ఎక్కించాల్సి వస్తే ఈ మాట మర్చిపోకండి: ఇర్రేడియేషన్ చేసిన, అంటే కిరణాలతో అందులోని తెల్లకణాలను పనిచేయకుండా చేసిన రక్తమే కావాలి. మామూలు రక్తంలోని దాత తెల్లకణాలు ఈ బిడ్డలో బతికి, బిడ్డ ఒంటి మీదే దాడి చేస్తాయి. ఇంటివాళ్ల రక్తమైనా అంతే. సైటోమెగలో వైరస్ లేని రక్తమా అని కూడా అడగాలి. ఆ వైరస్ తల్లిపాల ద్వారా కూడా వస్తుంది. తల్లికి పరీక్ష చేసి, పాలు కొనసాగించాలో లేదో డాక్టరు చెబుతారు. ఆయన చెప్పకముందే మీ అంతట మీరు తల్లిపాలు ఆపేయకండి, డబ్బాపాలతో వేరే చిక్కులు వస్తాయి.

ఏడో పని: బిడ్డ కన్నా ముందు రక్తాన్ని హైదరాబాద్ పంపండి

జబ్బును నిర్ధారించే పరీక్ష పేరు ఫ్లో సైటోమెట్రీ. అడగాల్సింది "లింఫోసైట్ సబ్‌సెట్స్": టీ కణాలు, బీ కణాలు, ఎన్‌కే కణాలు ఎన్నెన్ని ఉన్నాయో విడివిడిగా చెబుతుంది. దీనికి ఒకటి రెండు మిల్లీలీటర్ల రక్తం ఊదా రంగు మూత ట్యూబులో చాలు. ఆ రక్తం ఒక రోజులోపు ల్యాబ్‌కు చేరాలి. ఫ్రిజ్‌లో, ఐసులో పెట్టకూడదు, ఎండలోనూ ఉంచకూడదు. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు, పొద్దున తీసిన రక్తం మధ్యాహ్నానికి చేరుతుంది. శనివారం సాయంత్రం తీస్తే మాత్రం ఆదివారం ల్యాబ్ మూసి ఉండి పాడైపోవచ్చు. సోమవారం నుంచి గురువారం మధ్యలో, ల్యాబ్‌కు ముందే ఫోన్ చేసి తీయించండి. నలతగా ఉన్న పసిబిడ్డను కాజీపేటలో కిక్కిరిసిన రైలెక్కించి పరీక్ష కోసం తీసుకెళ్లడం కన్నా ఇది మేలు. ఛాతీ ఎక్స్‌రే ఇక్కడే తీయించవచ్చు. అందులో థైమస్ నీడ ఉందో లేదో డాక్టరు చూస్తారు.

జబ్బు ఉందని తేలితే ఆగకూడదు. ఇమ్యునోగ్లోబులిన్ (బయటి నుంచి ఇచ్చే యాంటీబాడీలు), ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్త మందులు మొదలవుతాయి. అదే సమయంలో తల్లి, తండ్రి, తోబుట్టువులందరికీ, ఎవరి మూలకణాలు బిడ్డకు సరిపోతాయో చెప్పే హెచ్‌ఎల్‌ఏ మ్యాచింగ్ చేయించాలి. తోబుట్టువు పూర్తిగా కలిస్తే అంతకన్నా మంచిది లేదు. కలవకపోయినా ధైర్యం వదలకండి, సగం కలిసే తల్లి లేదా తండ్రి నుంచి కూడా ఇప్పుడు మూలకణాల మార్పిడి చేస్తున్నారు.

డబ్బు సంగతి. స్కిడ్, క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్, ఇలాంటిదే ఇంకో ఇమ్యూనిటీ లోపమైన విస్కాట్ ఆల్డ్రిచ్ సిండ్రోమ్ మూడూ 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఒక్కసారి చికిత్సతో నయమయ్యే మొదటి గ్రూపులో ఉన్నాయి. గుర్తించిన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో నమోదైతే 50 లక్షల రూపాయల వరకు సాయానికి వీలుంది. హైదరాబాద్‌లో ఆ సెంటర్ డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ దవాఖాన కలిసి నడిపేది. ఆమోదానికి సమయం పడుతుంది కాబట్టి ఫ్లో సైటోమెట్రీ రిపోర్టు చేతికి రాగానే దరఖాస్తు పెట్టండి, ఆధార్, బిడ్డ జనన ధ్రువపత్రం, రిపోర్టులన్నీ రెండు జతల జిరాక్స్‌తో. బిడ్డ పుట్టిన వారంలోనే జనన ధ్రువపత్రం తీసుకుంటే ఇక్కడ ఆలస్యం కాదు. ఆరోగ్యశ్రీలో మీ కేసుకు ఏది వర్తిస్తుందో దవాఖానలోని ఆరోగ్యమిత్రను అడిగి, ఆమె చెప్పింది కాగితం మీద రాయించుకోండి.

ఒకవేళ బిడ్డ దక్కకపోతే

ఇది రాయడం కష్టం. కానీ వార్డులో ఎవరూ ఆ సమయంలో చెప్పలేరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

బిడ్డ పరిస్థితి చేయి దాటుతోందని డాక్టరు చెప్పినప్పుడు, జన్యు పరీక్ష ఇంకా చేయించి ఉండకపోతే, ఊదా మూత ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి డీఎన్‌ఏ కోసం దాచమని అడగండి. అదీ కుదరకపోతే ఫిల్టర్ పేపర్ కార్డు మీద నాలుగు చుక్కలైనా ఆరబెట్టి, కవరులో పెట్టి ఇవ్వమనండి. బిడ్డ వెళ్లిపోయాక తల్లిదండ్రుల రక్తంతో మాత్రమే లోపాన్ని వెతకడం చాలా కష్టం. బిడ్డ రక్తం ఉంటే ఏ జన్యువులో ఏ మార్పో తేలుతుంది. అది తెలిస్తే తర్వాతి కాన్పులో 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి, కడుపులోని బిడ్డకు ఆ లోపం ఉందో లేదో చెప్పగలరు. పెద్దమ్మ, చిన్నమ్మ బిడ్డలకు, పెళ్లి కావాల్సిన ఆడపిల్లలకు కూడా అదే రిపోర్టు పనికొస్తుంది.

ఆ కాగితానికి మూడు నాలుగు కాపీలు తీసి, తల్లిగారింట్లో ఒకటి, అత్తగారింట్లో ఒకటి ఉంచండి.